బెంగళూరులో ఇల్లు వెతకడానికి వెళ్ళి

కృష్ణరాజపురం స్టేషన్‌లో పొద్దున్నే రైలు దిగేసరికి ప్లాట్‌ఫారం మీద సగం మంది స్వెట్టర్లు వేసుకుని ఉన్నారు. అది ఆగస్టు నెల. ముందురోజు మార్కాపురంలో రైలెక్కేటప్పుడు మా అత్త పైటకొంగుతో మెడ మీద చెమట తుడుచుకుంటూనే ఉంది. ఇప్పుడు అదే కొంగు చెవుల చుట్టూ బిగించి, "ఏందే సునీ, ఒక్క రాత్రిలో కాలం మారిపోయిందా?" అంది.

నా పేరు సునీత. ఇరవై నాలుగేళ్ళు. నర్సింగు చదివి మా ఊరి దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో రెండేళ్ళు పనిచేశాను. బెంగళూరులో పాత ఎయిర్‌పోర్టు రోడ్డు వైపున్న పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. చేరడానికి పది రోజులు గడువిచ్చారు. ఆ లోపు ఉండడానికి ఒక చోటు చూసుకోవాలి. కరుణ అత్త మా నాన్నకు చెల్లెలు. నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ పోతే అప్పటినుంచి నన్ను పెంచింది ఆవిడే. పెళ్ళి చేసుకోలేదు. నాతో బయల్దేరుతూ ఒక షరతు పెట్టింది. అయిదు రోజులు చూస్తుందట. ఆమె మనసుకు నచ్చిన చోటు దొరక్కపోతే నేను ఆమెతో పాటే వెనక్కి వచ్చేసి పాత ఆసుపత్రిలోనే చేరాలట. అంత పెద్ద ఊళ్ళో నాకొక గది దొరకదా అనుకుని సరేనన్నాను.

నాకు కావలసింది సందడి. పాత ఆసుపత్రి ఊరి బయట ఉండేది. క్వార్టర్సు వెనక కంచె, కంచె వెనక జామాయిల్ తోట. డ్యూటీ దిగి వచ్చాక మాట్లాడడానికి మనిషి ఉండేది కాదు. రెండేళ్ళు అలా గడిపాక, ఇక ఉంటే కిటికీ తీయగానే మనుషులు కనిపించే పేటలోనే ఉండాలని నిశ్చయించుకున్నాను. టీకొట్లు, బట్టల కొట్లు, నా వయసు వాళ్ళు, వెలుగు, గోల అన్నీ ఉండాలి. నా దగ్గర నాలుగు పేర్ల జాబితా ఉంది.

మారతహళ్లి

జాబితాలో మొదటిది మారతహళ్లి. మా కాలేజీ పిల్లలంతా దాని పేరే చెప్పారు. ఆటో దిగి చూస్తే ఒక్క క్షణం రైలు మమ్మల్ని వెనక్కి తీసుకొచ్చిందేమోనని అనుమానం వచ్చింది. కర్రీ పాయింటు బోర్డు తెలుగులో ఉంది. దాని పక్కన నెల్లూరు చేపల పులుసు. ఎదురుగా పచ్చళ్ళ కొట్టు. ఫోన్లో ఎవరితోనో గొడవపడుతున్న కుర్రాడు గోదావరి జిల్లా యాసలో తిడుతున్నాడు. అత్త మొహం విప్పారింది. నాకు మాత్రం కొంచెం నిరుత్సాహంగా అనిపించింది. రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చింది దీనికా అని.

ఒక లేడీస్ హాస్టల్లో రోజువారీ లెక్కన ఇద్దరికీ గది ఇస్తామన్నారు. ఇక్కడ హాస్టల్ అనరు, పీజీ అంటారు. అయిదంతస్తుల భవనం, ఒక్కో గదికి ముగ్గురు. మొత్తం తొంభై మంది అమ్మాయిలట. నాలుగో అంతస్తులో చివరి గది మాది. మేనేజరు శీనయ్య కావలివైపు మనిషి, నలభై ఏళ్ళుంటాయి. నాకు నచ్చితే నెల తిరిగేలోపు ఒక బెడ్ ఖాళీ అవుతుందని, ఇక్కడ ఎవరూ ఎవరి జోలికీ రారని గొప్పగా చెప్పాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది. మా ఊళ్ళో కొత్త చెప్పులు కొనుక్కుంటే నలుగురు వెల అడుగుతారు.

ఆ సాయంత్రం అమ్మాయిలంతా ఆఫీసుల నుంచి తిరిగొచ్చారు. మెట్ల మీద పాటలు, బట్టలు ఉతుకుతున్న చప్పుడు, పెరుగు చాల్లేదని వంటామెతో వాదన. బాల్కనీలోంచి కిందకి చూస్తే రోడ్డంతా తల వెంట్రుకల్లా మనుషులు. ఇదే కదా నాకు కావలసింది అనుకున్నాను. అత్త సాంబారు నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. "ఇందులో బెల్లం పడింది. పొరపాటున పాయసం గరిటె పెట్టుంటారు," అంది. పొరపాటు కాదని మర్నాడు టిఫిను దగ్గర తెలిసింది. ఆ ఊళ్ళో సాంబారే అంత.

ఇందిరానగర్

రెండో రోజు ఇందిరానగర్ వెళ్ళాం. చెట్లు, గాజు కొట్లు, పగలే దీపాలు. పావురం రంగు గోడల కాఫీ హోటల్లో కూర్చుని రెండు కాఫీలు చెప్పాక అత్త వెలల కార్డు తిరగేసింది. ఒక్కో కాఫీ రెండొందల ఎనభై. ఆవిడ లేచి నిలబడింది. నేను బతిమాలి కూర్చోబెట్టాను. కాఫీ వచ్చాక, పైన నురగతో వేసిన ఆకు బొమ్మను చెంచాతో చెరపకుండా చుట్టూ తాగింది. అంత డబ్బు పెట్టి కొన్న బొమ్మను పాడుచేయడం ఎందుకంది.

అక్కడ ఒక బ్రోకరు మూడు గదులు చూపించాడు. మొదటి గది మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన, నాలుగడుగులు వేస్తే గోడ. పది నెలల అద్దె ముందుగా అడ్వాన్సు కట్టాలన్నాడు. నేను తప్పుగా విన్నాననుకుని మళ్ళీ అడిగాను. అతను కూడా అంతే ఓపికగా మళ్ళీ చెప్పాడు. మా ఊళ్ళో ఒక నెల అద్దె ముందు ఇస్తే గృహప్రవేశానికి పిలిచినట్టు చూస్తారు. రెండో ఇంటి యజమానురాలు పెద్దావిడ, మర్యాదగా మంచినీళ్ళిచ్చి, ఏ గుడికి వెళతారని అడిగింది. అత్త చర్చి పేరు చెప్పింది. ఆదివారం మాంసం కూర వండుతారా అని తర్వాతి ప్రశ్న. వండుతామని అత్త ఉన్నమాట చెప్పేసింది. ఆవిడ ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళి, ఇక బయటికి రాలేదు. మేము మెట్లు దిగుతుండగా బ్రోకరు, అన్ని విషయాలూ నిజం చెప్పక్కర్లేదని అత్తకు హితవు చెప్పాడు. అత్త అతని వంక చూసిన చూపుకి మూడో గది దారిలో అతను మాట్లాడలేదు.

తిరిగి పీజీకి వచ్చి నాలుగో అంతస్తులో నడుస్తుంటే ఒక గది తలుపు గడియకు రెండు భోజనం కవర్లు వేలాడుతున్నాయి. పొద్దున ఒకటే ఉంది. ఎవరో తెప్పించుకుని మర్చిపోయారనుకుని ముందుకు వెళ్ళిపోయాను.

సర్జాపుర రోడ్డు

మూడో రోజు పొద్దున జాబితాలో మూడో పేరు. సర్జాపుర రోడ్డులో కొత్త అపార్టుమెంట్లు. పన్నెండో అంతస్తు ఫ్లాటులో ఒక గది ఖాళీ ఉందని ఫోన్లో చూసి వెళ్ళాం. గేటు దగ్గర కావలివాడు మా ఇద్దరి ఫొటోలు తీశాడు. అత్త జడ సర్దుకుని నవ్వింది, ఎవరో అడిగి తీసుకుంటున్నట్టు. లోపల ఈతకొలను, పచ్చిక, ఏనుగు ఆకారంలో కత్తిరించిన మొక్క. మనుషులు లేరు. ఫ్లాటులో ఉన్న అమ్మాయి మమ్మల్ని బాగా చూసింది, టీ ఇచ్చింది. పక్క ఫ్లాటులో ఎవరుంటారని అత్త అడిగితే, రెండేళ్ళుగా ఉంటున్నానని, తనకు తెలియదని చెప్పింది. బాల్కనీ నుంచి కింద నీళ్ళ ట్యాంకర్లు వరసగా నిలబడి కనిపించాయి. అవి రాకపోతే స్నానం లేదట. నా ఆసుపత్రికి ఎంతసేపు పడుతుందంటే, ఆదివారమైతే నలభై నిమిషాలని, మిగతా రోజులు చెప్పలేనని అంది.

మధ్యాహ్నం రెండున్నరకి మారతహళ్లి చేరాం. నేను మంచం మీద వాలిపోయాను. నిజం చెప్పాలంటే అప్పటికే నా మనసులో తేల్చేసుకున్నాను. ఈ పీజీయే బాగుంది. అత్తను ఎలా ఒప్పించాలా అని ఆలోచిస్తున్నాను.

నాలుగో అంతస్తు

అత్త ఉతికిన చీర డాబా మీద ఆరేయడానికి వెళ్ళి, చీర చేత్తోనే తిరిగొచ్చింది. ఆ గది తలుపుకి కవర్లు మూడయ్యాయని చెప్పింది. ఒకదానిలోంచి పుల్లటి వాసన వస్తోందట. చెప్పులు మాత్రం గుమ్మం ముందే ఉన్నాయట.

"ఎవరి పని వాళ్ళది అత్తా ఇక్కడ. మనకెందుకు?" అన్నాను.

"మనిషి బయటికి పోతే చెప్పులేసుకుని పోదా?" అంది అత్త.

నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉండే సంగతి ఒకటి. నేను వెంటనే లేవలేదు. అత్తే వెళ్ళి తలుపు తట్టింది. ఒకసారి, రెండుసార్లు, అరచేత్తో. ఆ చప్పుడు వరండా అంతా మోగింది. ఏ తలుపూ తెరుచుకోలేదు. తొంభై మంది ఉండే భవనంలో ఆ వేళ మేమిద్దరం, కింద వంటామె, శీనయ్య, వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు. అప్పుడు తలుపు అవతల ఏదో కిందపడ్డ చప్పుడైంది. స్టీలు గ్లాసు. నేను మెట్లు దిగి పరుగెత్తాను.

శీనయ్య మారు తాళంచెవి తెచ్చి తలుపు తీశాడు. మూడు మంచాల్లో రెండు ఖాళీ. కిటికీ పక్క మంచం మీద ఒక అమ్మాయి గోడవైపు ఒరిగి ఉంది. చెయ్యి కిందకి జారి ఉంది. పెదవులు పగిలి, పళ్ళ చిగుళ్ళ దగ్గర రక్తం గడ్డకట్టింది. చేతుల మీద ఎర్రటి చుక్కలు. ఒళ్ళు వేడిగా లేదు, చల్లగా ఉంది. నాడి పట్టుకుంటే దారంలా కొట్టుకుంటోంది. అది డెంగీ అని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. జ్వరం తగ్గింది కదా అని జనం ఊపిరి పీల్చుకుంటారు గానీ, డెంగీలో జ్వరం తగ్గాకే అసలు ప్రమాదం.

పేరు అడిగాను. సౌజన్య అంది. ఎన్ని రోజులైందంటే నాలుగు వేళ్ళు చూపించబోయి ఎత్తలేకపోయింది.

ఆ పూట లిఫ్టు పనిచేయడం లేదు. శీనయ్య, వాచ్‌మన్ కలిసి ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నాలుగు అంతస్తులు దించారు. రెండో మలుపులో ఆమె శీనయ్య చొక్కా మీద వాంతి చేసుకుంది. అతను ఆగలేదు, మొహం కూడా తిప్పుకోలేదు. "ఏం కాదమ్మా, వచ్చేశాం," అంటూనే దిగాడు. ఆటో అతను కన్నడ మనిషి. మా మాట ఒక్కటీ అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. పాత ఎయిర్‌పోర్టు రోడ్డులో నేను చేరబోయే ఆసుపత్రి వైపే, ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి బయటికి చాచి కార్లను ఆపుకుంటూ నడిపాడు. అత్త ఆ అమ్మాయి తల ఒళ్ళో పెట్టుకుని ప్రార్థన చేస్తోంది. నేను నాడి వదల్లేదు.

వార్డు వరండా

అత్యవసర విభాగంలో డాక్టరు, ఈ రాత్రి దాటేదాకా ఏమీ చెప్పలేనన్నాడు. రేపటికి తెచ్చి ఉంటే తన చేతుల్లో ఉండేది కాదని కూడా అన్నాడు. నేనొక నర్సుని. ఇలాంటి మాటలు రోగుల తాలూకు వాళ్ళు వినగా ఎన్నోసార్లు చూశాను. నాకెవరైనా ఆ మాట చెప్పడం అదే మొదటిసారి.

సౌజన్యది తణుకు. ఏడాదిగా ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఎక్కువ రోజులు గది నుంచే పని. గదిలో మిగతా ఇద్దరూ సెలవులకు ఊళ్ళకి వెళ్ళారు. వాళ్ళమ్మ రోజూ ఫోను చేస్తూనే ఉంది. ఈమె రోజూ పని ఎక్కువగా ఉందని, బాగున్నానని చెప్పింది. ముందురోజు నుంచి ఫోను ఎత్తలేదు. ఆ ఫోనుతోనే నేను వాళ్ళమ్మకు సంగతి చెప్పాను. అవతల ఆవిడ ఏడవలేదు. ఏ ఆసుపత్రి, ఏ వార్డు అని రాసుకుని, బయల్దేరుతున్నానని పెట్టేసింది.

సాయంత్రానికి పీజీ అమ్మాయిలు పదిహేను మందికి పైగా వచ్చారు. పండ్లు తెచ్చారు, రక్తం ఇస్తామన్నారు, కొందరు ఏడ్చారు. లిఫ్టులో అప్పుడప్పుడు చూస్తామని, పేరు మాత్రం ఇప్పుడే తెలిసిందని అన్నారు. వాళ్ళలో ఎదురు గది అమ్మాయి ఒకతి నన్ను పక్కకి పిలిచింది. ఆ కవర్లు తలుపుకి తగిలించింది తనేనట. డెలివరీ వాళ్ళు నేల మీద పెట్టి వెళితే ఎవరైనా తొక్కుతారని తీసి గడియకు తగిలించిందట. "మూడుసార్లు తగిలించాను అక్కా. ఒక్కసారి కూడా తట్టలేదు," అంది.

ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని బెంచీ మీద నా పక్కన కూర్చోబెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున నేనూ అత్తా స్నానానికి పీజీకి వెళితే శీనయ్య ఎదురొచ్చాడు. సౌజన్య ఎలా ఉందని నిజమైన ఆత్రంతో అడిగాడు. గండం గడిచిందని చెప్పాను. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"వాళ్ళమ్మ వస్తే ఆ పాపని ఊరికి తీసకబోద్ది గదమ్మా. కిటికీ పక్క బెడ్డు. గాలి బాగా వస్తది. మీకైతే ముందు ఇస్తా, ఇవాళే చెప్పండి. ఇంకా నలుగురు అడగతా ఉండారు."

నేను అతని మొహంలోకి చూశాను. వెటకారం లేదు, దురాశ లేదు. ముందురోజు తన చొక్కా పాడైనా పట్టించుకోని మనిషే. మేలు చేస్తున్నాననే అనుకుంటున్నాడు. నాకు కోపం వచ్చి ఉంటే బాగుండేది. ఆ మంచం మీద దుప్పటి కూడా ఇంకా మార్చలేదు.

అత్త పైకి వెళ్ళి పెట్టె సర్దింది. ఊరికి పోదాం పా అంది. నేను వాదించలేదు. టిక్కెట్లు మర్నాడు సాయంత్రం రైలుకి దొరికాయి.

చెప్పాల్సిన మాట

వెళ్ళే ముందు సౌజన్యను చూద్దామని ఆసుపత్రికి వెళ్ళాం. మధ్యాహ్నానికి వాళ్ళమ్మ లక్ష్మిగారు వచ్చింది. కూతురి పాదాలు పట్టుకుని మంచం చివర కూర్చుంది. అత్త ఆవిడను కాఫీకి తీసుకెళ్ళింది. నేనూ సౌజన్యా మిగిలాం. ఆమె మొహంలోకి రంగు తిరిగి వస్తోంది. నాకు థాంక్స్ చెప్పడం మొదలుపెట్టింది. నేను వినలేకపోయాను.

"నీ తలుపు ముందు నుంచి నేను చాలాసార్లు నడిచాను. కవర్లు చూశాను. నర్సునై ఉండి కూడా ఆగలేదు. తట్టింది మా అత్త," అన్నాను.

సౌజన్య పైకప్పు వైపు చూస్తూ అంది.

"అడుగులు వినపడేవి అక్కా. పిలుద్దామనుకునేదాన్ని. కానీ ఏమని పిలవాలి? ఎవరి పేరూ తెలీదు."

ఆ మాట విన్నాక ఇంక అక్కడ కూర్చోలేక లేచి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాను.

అప్పుడు మాట్లాడింది రత్నమ్మ. ఆ వార్డులో ఆయా. అరవైకి దగ్గరగా ఉంటుంది. మోకాళ్ళ నొప్పితో కొంచెం కుంటుతూ నడుస్తుంది. పొద్దుటినుంచి మంచాల మధ్య తిరుగుతూ మా మాటలన్నీ వింటూనే ఉందని మాకు తెలియదు.

"ఇల్లు చూసేకి వచ్చినారంట కదప్పా మీరు. మా మేడ మీద ఖాళీ ఉండాది. హలసూరులో. మా తాత కాలంలో మదనపల్లి కాడ్నుంచి వచ్చి కట్టుకున్న ఇల్లు. చిన్నదే. కానీ ఒంటి ఆడపిల్లకి నేను ఇయ్యను."

అప్పటికి తిరిగొచ్చిన అత్త, ఒంటరి ఆడపిల్ల అంటే అంత అనుమానమా అని నిలదీసింది. ఇందిరానగర్ పెద్దావిడ ఇంకా ఆమె మనసులో ఉంది.

"అనుమానం కాదప్పా. నాకు మెట్లు ఎక్కేకి కాదు. పైన పిల్లకి జొరమొస్తే నీళ్ళు ఎవురిస్తారు? ఇరవై ఏండ్లుగా ఈడ చూస్తా ఉండాను కదా. ఇద్దురుంటే చెప్పండి, ఇస్తా."

హలసూరు

అయిదో రోజు పొద్దున, రైలు సాయంత్రం కదా అని, రత్నమ్మ మాట తీసేయలేక హలసూరు వెళ్ళాం. జాబితాలో నాలుగో పేరు అది కాదు. జాబితాలో అసలు లేదు.

మెట్రో దిగి సందులోకి తిరిగితే ఇత్తడి గిన్నెల కొట్లు, పక్కనే బంగారం కొట్లు, మధ్యలో మూరల లెక్కన మల్లెలు అమ్మేవాళ్ళు. రోడ్డు వెడల్పు రెండు చాపలంత. ఒక ఆవు, ఒక స్కూటరు, నిండా బిందెలున్న తోపుడుబండి ఎదురుపడి ఎవరూ వెనక్కి తగ్గడం లేదు. గుళ్ళో గంట, ఎక్కడో చర్చిలో పాట, గ్రైండరు మోత. నిలబడి తినే హోటల్లో అత్త ఉప్మా అడిగితే లేదన్నాడు. ఎదురుగా పళ్ళెం నిండా ఉప్మా ఉంది. దాన్ని ఖారాబాత్ అనాలట. పళ్ళెమంత ఇడ్లీ ఒకటి, కాఫీ కలిపి ఒకరికి అరవై రూపాయలు దాటలేదు. అత్త ఆ బిల్లు దాచుకుంది.

నాకు ఆ ఇల్లు నచ్చలేదు. ఇది దాచడం ఎందుకు. మెట్లు నిచ్చెనలా నిలువుగా ఉన్నాయి. ఒక గది, ఇద్దరు నిలబడితే ఒకరి మోచెయ్యి ఇంకొకరికి తగిలే వంటిల్లు, బయట స్నానాల గది. కావేరి నీళ్ళు దినం విడిచి దినం వస్తాయి, డ్రమ్ముల్లో పట్టుకోవాలి. కిటికీ తీస్తే ఎదురింటి కిటికీలో ఒక ముసలాయన గడ్డం గీసుకుంటున్నాడు. అద్దం దించి నన్ను చూసి, ఏ ఊరని తమిళం కలిసిన తెలుగులో అడిగాడు. నేను మెట్లు దిగేలోపు ముగ్గురు ఆడవాళ్ళు నా జీతం ఎంతో, పెళ్ళెప్పుడో, డ్యూటీ నుంచి ఎన్నింటికి వస్తానో అడిగేశారు. చెప్పకపోతే ఊరుకునేలా లేరు. అడ్వాన్సు మాత్రం మూడు నెలలే అని రత్నమ్మ అన్నప్పుడు ఆశ్చర్యంతో తల ఎత్తాను.

కింద మెట్టు మీద కూర్చున్న అత్త అప్పటికే సగం వీధితో మాట్లాడేసింది. ఏం పని చేస్తావప్పా అని రత్నమ్మ అడిగితే బట్టలు కుడతానంది. మార్కాపురంలో ముప్ఫై ఏళ్ళుగా కుడుతోంది ఆవిడ, నా చదువంతా ఆ డబ్బే. పక్కింటామె లోపలికి వెళ్ళి, టైలరు పాడుచేసిన జాకెట్టు తెచ్చి ఒళ్ళో పెట్టింది. అత్త చంకల దగ్గర కుట్టు విప్పి చూపిస్తూ తప్పెక్కడో వివరిస్తోంది. ఎండ ఆమె మొహం మీద పడుతోంది. ఆవిడను అంత తీరిగ్గా కూర్చుని ఉండగా నేను చాలా ఏళ్ళ తర్వాత చూశాను.

నేను గుర్తుచేశాను. మనం ఇద్దరం కాదు, నేను ఒక్కదాన్నే. ఈ ఇల్లు ఎలాగూ ఇవ్వరు. స్టేషనుకి పోదాం.

అత్త జాకెట్టు మడిచి తిరిగిచ్చేసి, ఒకసారి ఆసుపత్రికి వెళ్ళి పోదామంది.

అక్కడ తల్లీకూతుళ్ళ మధ్య మాటలు నడుస్తున్నాయి. సౌజన్య ఉద్యోగం మానేయనంటోంది. నెల రోజులు ఇంటికి వెళితే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారట. లక్ష్మిగారు ఆ హాస్టల్‌కి మళ్ళీ పంపేది లేదంటోంది. తను ఇక్కడ ఉండడానికి వీల్లేదు, ఇంటి దగ్గర మంచం పట్టిన అత్తగారు ఉంది. రెండు రోజులకే పక్కింటి వాళ్ళను బతిమాలి వచ్చింది. ఇద్దరూ అలిసిపోయి ఉన్నారు.

అత్త కుర్చీ లాక్కుని లక్ష్మిగారి ఎదురుగా కూర్చుంది.

"వదినా, ఒక ఇల్లు చూసినాం. మా సునీ, మీ పాపా ఇద్దరూ ఉండొచ్చు. పాపకి ఒంట్లో బలం వచ్చేదాకా నేను దగ్గరుంటా. మీకు నమ్మకం కుదిరితేనే."

నేను నోరు తెరిచాను. నాతో ఒక్క మాట చెప్పలేదు. నన్ను వెనక్కి తీసుకెళ్ళడానికి పెట్టె సర్దిన మనిషి ఈవిడే. లక్ష్మిగారు అత్త వంక చాలాసేపు చూసింది. ముక్కూ మొహం తెలియని వాళ్ళం, రెండు రోజుల పరిచయం. తర్వాత కూతురి వైపు తిరిగి, ఏమంటావని కళ్ళతోనే అడిగింది. సౌజన్య తలూపింది. అప్పుడు ఏడ్చింది లక్ష్మిగారు, వచ్చినప్పటినుంచి మొదటిసారి. అప్పటికి డ్యూటీకి వచ్చి గది మూల తుడుస్తున్న రత్నమ్మ, మేము పిలవకముందే చెయ్యి తుడుచుకుని తాళంచెవి తీసింది.

తిరుగు రైలు

నేను ఒక్కదాన్నే రైలెక్కాను. సామాను తెచ్చుకోవడానికి, పాత ఆసుపత్రి నుంచి కాగితాల కోసం. అత్త స్టేషనుకి కూడా రాలేదు. నీళ్ళొచ్చే రోజట, డ్రమ్ములు నింపుకోవాలట. పక్కన ఖాళీ సీటు మీద ఆవిడ చేతిసంచి పెట్టాల్సిన చోట నా సంచి పెట్టుకుని, ఇల్లు వెతుక్కోవడానికి బయల్దేరింది ఎవరో, దొరికింది ఎవరికో అర్థం కాక దారంతా మేలుకునే ఉన్నాను.

ఇది రాస్తున్నది మార్కాపురంలో, సర్దిన పెట్టె పక్కన కూర్చుని. మొన్న సౌజన్యను ఆసుపత్రి నుంచి హలసూరు ఇంటికి పంపారు. మెట్లు ఎక్కలేకపోతే ఎదురింటి ముసలాయన కొడుకు, మనవడు కుర్చీలో ఎక్కించారట. వీధిలో ఆడవాళ్ళు రోజుకొకరు చారు పంపుతున్నారట. ఎవరు ఏ రోజో వాళ్ళే తేల్చుకున్నారట. బెల్లం వేయొద్దని అత్త అందరికీ చెప్పిందట, ఎవరూ వినలేదట.

ఇందాక అత్త మళ్ళీ ఫోను చేసింది. నాన్న ఎలా ఉన్నాడని అడగలేదు, నేను తిన్నానా అని అడగలేదు. జాకెట్టు ముక్కలు పదకొండు వచ్చి ఉన్నాయంది. సౌజన్యకు బలం వచ్చాక ఎప్పుడు బయల్దేరతావని అడిగితే, ఆ సంగతి తర్వాత చూద్దామని మాట దాటేసింది. లైనులో గ్రైండరు మోత, ఎవరో నవ్వడం వినిపించాయి.

"నీ బట్టలు రెండు జతలు తక్కువైనా పర్లేదు," అంది. "ముందు నా కుట్టు మిషను రైల్లో ఎట్లా వేయాలో కనుక్కో."